ఆదివారమంతా దొంగ ఖాతాల ఏరివేతలోనే గడిచింది

పొద్దున చాయ్ తాగుతూ మా కళాశాల మూడుల్ సైటు (ఆన్‌లైన్ పాఠాలు పెట్టే వేదిక) తెరిచి వాడుకరుల పట్టిక చూస్తే, రాత్రికి రాత్రే 214 మంది కొత్తగా చేరి ఉన్నారు. మహబూబ్‌నగర్‌లోని మా డిగ్రీ కళాశాలలో మొదటి సంవత్సరం పిల్లలంతా కలిసినా అంతమంది ఉండరు. పైగా ఆదివారం తెల్లవారుజామున మూడు గంటలకు లేచి వాణిజ్యశాస్త్రం చదివే విద్యార్థిని నా ఉద్యోగంలో ఇంతవరకు చూడలేదు.

ఒక్కొక్క ఖాతా తెరిచి చూశాను. నోరు తిరగని అక్షరాల పేర్లు, పొంతన లేని ఊర్లు, పరిచయం రాసుకోవలసిన చోట జూదం సైట్లకూ మందుల దుకాణాలకూ లంకెలు. ఈ ఖాతాలు తెరిచే యంత్రాలకు, అంటే తమంతట తామే నడిచే ప్రోగ్రాములకు, మా పాఠాలతో పని లేదు. విద్యాసంస్థ పేరున్న సైటులో ఒక లంకె అంటించి, దాన్ని సెర్చ్ ఇంజన్ల కంట పడేలా చేసి, తమ సరుకును పైకి తెచ్చుకోవడమే వాటి పని.

తప్పు నాదే. మూడుల్‌ను కొత్తగా నెలకొల్పినప్పుడు ఎవరికి వారు ఖాతా తెరుచుకునే వెసులుబాటు మూసే ఉంటుంది. 2020లో తరగతులు ఆన్‌లైన్‌కు మారినప్పుడు, అమ్రాబాద్ నుంచీ మక్తల్ నుంచీ పిల్లలు ఖాతా కోసం కళాశాల దాకా రానక్కరలేదని ఆ తలుపు నేనే తీశాను. అధ్యాపకుల పరిచయాలు బయటివారికీ కనబడాలని, లాగిన్ కాకుండానే ప్రొఫైల్ చూసే వీలు కూడా ఇచ్చాను. ఏ కోర్సులోనూ చేరని వ్యక్తి పరిచయ వాక్యాలను మూడుల్ తనంతట తానే దాచిపెడుతుంది. ఆ ఒక్క కాపలానూ నేనే తప్పించాను, ఎలాగంటే పిల్లలు తికమక పడకూడదని పరిచయ కోర్సుకు ఎన్‌రోల్‌మెంట్ కీ (కోర్సులో చేరడానికి ఇవ్వవలసిన రహస్యపదం) పెట్టలేదు. యంత్రం ఖాతా తెరిచి, ఆ కోర్సులో చేరి, లంకె అంటించుకుని పోయింది.

ఈమెయిల్ నిర్ధారణ ఉంది కదా అని ఇన్నాళ్లూ ధీమాగా ఉన్నాను. వచ్చిన మెయిల్‌లోని లంకెను కూడా ఆ యంత్రమే నొక్కుకుంటుందని తెలిశాక ఆ ధీమా పోయింది. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది: లేని చిరునామాలకు మన సర్వరు వందలకొద్దీ నిర్ధారణ మెయిళ్లు పంపుతూ పోతే, మెయిల్ సంస్థలు మనల్నే అనుమానిస్తాయి. మొన్న అంతర్గత పరీక్షల తేదీలు చాలామంది పిల్లల స్పామ్ పెట్టెలో పడ్డది ఇందుకేనేమో.

మధ్యాహ్నం జొన్న రొట్టె తిని ఏరివేతకు కూర్చున్నాను. ఊరి గడిలో మన జిల్లా పేర్లు లేని ఖాతాలన్నీ ఒక్కసారే తీసేయవచ్చుననిపించి, వడపోత పెట్టి, తొలగించే మీట మీద వేలు పెట్టాక, వరుసలో ‘ముంబై’ అని ఒకటి కనబడింది. పాలమూరు నుంచి ముంబైకి వలస పోయే కుటుంబాల సంగతి తెలిసినవాణ్ణి కాబట్టి ఆగాను. ప్రవేశ దరఖాస్తులు వెతికి ఫోన్ చేస్తే మా మొదటి సంవత్సరం అమ్మాయే. “అమ్మానాయిన ముంబైల ఉన్నరు సార్, సెలవులకు పోయినప్పుడు ఆడ్నే ఖాతా తెరిచిన. తప్పయిందా సార్?” అని భయపడుతూ అడిగింది. ఆ తరువాత వడపోత తీసేసి ఒక్కొక్కటే చూశాను; సాయంత్రం ఐదయింది.

ఖాతా తెరిచేది మనిషో యంత్రమో తేల్చే రీకాప్చా పరీక్ష పెడితే సరిపోతుందని మా కంప్యూటర్ మేడం ఎప్పటినుంచో చెబుతున్నారు. పెట్టి, పరీక్షించమని మా ఇంటావిడకు ఫోన్ ఇచ్చాను. ఫైర్ హైడ్రంట్లు ఉన్న బొమ్మలు ఎంచమంది. “ఈ ఎర్ర నల్లా మన ఊళ్లో ఏ గల్లీల ఉన్నది?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. సిగ్నల్ అందీ అందని ఊళ్లో, అన్న ఫోన్ కాసేపు అడుక్కుని కూర్చున్న పిల్లకు ఈ బొమ్మల ఆట రెండుసార్లు తప్పితే మూడోసారి ప్రయత్నించదు. అవతలివాడికేమో డబ్బు తీసుకుని ఇవే బొమ్మలు పరిష్కరించి పెట్టే మనుషులు దొరుకుతారు. కొన్ని ఈమెయిల్ డొమైన్లను (చిరునామాలో @ తరువాతి భాగాన్ని) మాత్రమే అనుమతించే వీలూ ఉంది గానీ, మా పిల్లలవన్నీ జీమెయిల్ చిరునామాలే, దొంగ ఖాతాల్లోనూ సగానికి పైగా అవే.

అందుకే చివరికి సొంతంగా ఖాతా తెరుచుకునే వెసులుబాటునే మూసేశాను. ఆఫీసు రిజిస్టరులోని పేర్లను సీఎస్‌వీ ఫైలుగా (కామాలతో విడదీసిన పట్టికగా) చేసి, హాల్‌టికెట్ సంఖ్యనే యూజర్‌నేమ్‌గా ఇచ్చి, అందరినీ ఒకేసారి ఎక్కించాను. తెలుగులో రాసిన పేర్లన్నీ మొదటిసారి ప్రశ్నార్థకాలుగా మారితే, ఫైలును తెలుగు అక్షరాలు చెడకుండా ఉంచే యూటీఎఫ్-8 పద్ధతిలో భద్రపరిచి మళ్లీ ఎక్కించవలసి వచ్చింది. ప్రొఫైళ్లకు లాగిన్ తప్పనిసరి చేశాను. పరిచయ కోర్సుకు కీ పెట్టాను. మొదట మా ఊరి పెద్ద మర్రిచెట్టు పిల్లలమర్రి పేరే పెట్టబోయి, ఈ ఊరి గురించి ఎవరైనా ముందుగా ఊహించేది అదే కదా అని మానుకున్నాను. ఆ మాటను తరగతిలో బోర్డు మీద రాస్తాను, నెలకొకసారి మారుస్తాను. ఆలస్యంగా చేరేవారి ఖాతాలు ఇక నేనే చేత్తో తెరవాలి. పని పెరిగింది నాకే.

ఎటూ తేలని ఖాతాలు ఏడు మిగిలాయి. వాటిని తొలగించకుండా సస్పెండ్ చేసి, పేర్లు కాగితం మీద రాసుకున్నాను. రేపు మొదటి పీరియడ్‌లో హాజరు తీసుకున్నాక వాటినీ చదువుతాను.