డాలస్‌లో మొదటి నెల: ఏ కాగితం ముందు, ఏది తర్వాత

హైదరాబాద్ ఆఫీసు నుంచి ఎల్-1 (కంపెనీ బదిలీ వీసా) మీదో హెచ్-1బీ ఉద్యోగ వీసా మీదో డాలస్‌కి వెళ్లేవాళ్లు సూట్‌కేసుల మీద పెట్టే శ్రద్ధలో సగం కాగితాల మీద పెడితే చాలు, మొదటి నెల సాఫీగా గడుస్తుంది. అక్కడ పనులన్నీ వరస కట్టి ఉంటాయి. ఐ-94లో, అంటే ఏ హోదాలో ఎప్పటిదాకా రానిచ్చారో చెప్పే రికార్డులో, తప్పుంటే సోషల్ సెక్యూరిటీ నంబరు (ఎస్ఎస్ఎన్, జీతానికీ పన్నులకీ కావాల్సిన గుర్తింపు నంబరు) ఆగుతుంది. లీజు లేకపోతే కరెంటు బిల్లు ఉండదు. అడ్రసు రుజువులు లేకపోతే డ్రైవింగ్ లైసెన్సు రాదు. ఒకటి ఆగిందంటే దాని వెనకున్నవన్నీ ఆగుతాయి.

అసలు చిక్కు ఇంట్లోనే మొదలవుతుంది, మన పేర్లతో. చాలామంది తెలుగువాళ్ల పాస్‌పోర్టుల్లో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటుంది, ఇంటిపేరూ సొంత పేరూ కలిపి గివెన్ నేమ్‌లోనే రాసేసి ఉంటాయి. అలాంటి పాస్‌పోర్టు మీద వచ్చే అమెరికా వీసాలో పేరంతా సర్‌నేమ్‌లోకి వెళ్లిపోయి, గివెన్ నేమ్ చోట ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడుతుంది. ఇక బ్యాంకులో, లైసెన్సు మీద, ఇన్సూరెన్సు కార్డు మీద ఆ మూడక్షరాలే మీ పేరు. వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160 నింపకముందే పాస్‌పోర్టు రీఇష్యూకి పెట్టి ఇంటిపేరుని సర్‌నేమ్ గడిలోకి మార్పించుకోండి. అప్పటికే వీసా పడిపోయి ఉంటే, పాస్‌పోర్టులో ఉన్న స్పెల్లింగే, ఉన్న ఖాళీలతో సహా, అన్నిచోట్లా వాడండి. హెచ్ఆర్ రికార్డులో ‘వెంకట సాయి’ అని రెండు మాటలుగా, లీజులో ‘వెంకటసాయి’ అని ఒకే మాటగా ఉంటే కౌంటర్‌లో కూర్చున్న మనిషికి వాళ్లు ఇద్దరు మనుషులే.

సామాను సంగతి. ఎకానమీలో సాధారణంగా మనిషికి 23 కిలోల పెట్టెలు రెండు. ఎండు కొబ్బరి పెట్టకండి. అందులోని నూనె వల్ల అది తనంతట తానే వేడెక్కి అంటుకునే సరుకుల జాబితాలో ఉంది, శంషాబాద్‌లో స్కానింగ్ దగ్గరే తీయించేస్తారు. దోహా మీదుగానో దుబాయ్ మీదుగానో వెళ్తుంటే గసగసాలు అసలు వద్దు, గల్ఫ్‌లో వాటిని మాదకద్రవ్యాల కింద లెక్కగడతారు. గసాలు కలిపి కొట్టిన మసాలా పొడికీ ఇదే మాట. అమెరికాలోకి మాంసం పచ్చళ్లు తీసుకెళ్లకూడదు. బియ్యం, శనగలు కూడా కూడదు, మన దేశం నుంచి వెళ్లే ఖాప్రా పురుగు భయంతో 2021 నుంచి ప్రయాణికుల సామానులో వాటిని నిషేధించారు. పచ్చి కరివేపాకూ అంతే, నిమ్మజాతి చెట్లని చంపే తెగులుని మోసే పురుగు ఆ ఆకు మీద బతుకుతుంది. ఆవకాయ, గోంగూర పచ్చడి, పొడులు ఫరవాలేదు. తినే వస్తువు ఏది ఉన్నా కస్టమ్స్ దగ్గర ఉందని చెప్పండి. చెప్పి తీసుకెళ్తే పోయేది ఆ వస్తువే, దాచి దొరికితే జరిమానా. అయినా సోనా మసూరి తొమ్మిది కిలోల బస్తా డాలస్ శివారు ఊళ్లైన ఇర్వింగ్, ఫ్రిస్కో కొట్లలో ఎప్పుడూ దొరుకుతుంది, దానికోసం బరువు మోయక్కర్లేదు. ఆ బరువేదో రోజూ వేసుకునే మందులకి, వాటి ప్రిస్క్రిప్షన్‌కి, డిగ్రీ ఒరిజినల్స్‌కి ఇవ్వండి. ఇవి చేతి సంచిలోనే ఉండాలి.

డాలస్‌లో దిగాక ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గర గడిపే రెండు మూడు నిమిషాలే మొత్తం ప్రయాణంలో ముఖ్యమైనవి. ఒకే పాస్‌పోర్టులో పాత బీ-1 (వ్యాపార పర్యటన) వీసా, కొత్త ఎల్-1 వీసా రెండూ ఉన్నవాళ్లు జాగ్రత్త. అధికారి పొరపాటున బీ-1 కింద లోపలికి పంపిస్తే, ఆ హోదాలో మీటింగులకి కూర్చోవచ్చుగానీ అక్కడి జీతానికి పని చేయకూడదు. ఎల్-1 పేజీ తెరిచి చేతికిచ్చి, ఎల్-1 మీద వస్తున్నానని నోటితో చెప్పండి. బ్లాంకెట్ ఎల్ (కంపెనీ మొత్తానికి ముందే తీసుకున్న ఎల్ అనుమతి) కింద వెళ్లేవాళ్లు ఐ-129ఎస్ కాగితం కూడా చూపించాలి. బసకి వెళ్లగానే సీబీపీ (అమెరికా కస్టమ్స్, సరిహద్దు శాఖ) వెబ్‌సైటులో ఐ-94 తీసి మూడు విషయాలు చూడండి: పేరు, వీసా తరగతి, ఎప్పటిదాకా ఉండొచ్చన్న తేదీ. పాస్‌పోర్టు గడువు ముందే తీరిపోయేలా ఉంటే ఆ తేదీ దాకానే ఇవ్వవచ్చు. తర్వాత పాస్‌పోర్టు కొత్తది తీసుకున్నా ఐ-94 దానంతట అది పెరగదు, ఎక్స్‌టెన్షన్ పెట్టాలి లేదా దేశం దాటి మళ్లీ రావాలి. వీసా మీదున్న తేదీ చూసుకుని నిశ్చింతగా కూర్చునేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. అధికారి వైపు తప్పు జరిగి ఉంటే డిఫర్డ్ ఇన్‌స్పెక్షన్ ఆఫీసులో సరిచేస్తారు. ఆ వారంలోనే వెళ్లండి.

నిద్ర గురించి ఒక మాట. వేసవిలో డాలస్ మనకంటే పదిన్నర గంటలు వెనక, చలికాలంలో పదకొండున్నర. అంటే రాత్రి పగలు తిరగబడ్డట్టే. వేసవిలో అక్కడ సాయంత్రం నాలుగింటికి ఒంటికి తెల్లవారుజాము రెండున్నర, కళ్లు మూతలు పడతాయి. అప్పుడు పడుకుంటే అర్ధరాత్రి మెలకువ వచ్చి తెల్లార్లూ జాగారమే. మొదటి నాలుగైదు రోజులు మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా వెలుతురులో, కుదిరితే బయట, ఉండండి. ఆ వేళ కంటికి తగిలే వెలుగే లోపలి గడియారాన్ని వెనక్కి జరుపుతుంది. అది రోజుకి గంట, గంటన్నర కంటే ఎక్కువ జరగదు కాబట్టి మొదటి వారంలో పెద్ద ప్రెజెంటేషన్లు ఉదయం పూటే పెట్టించుకోండి.

సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకి దిగిన మర్నాడే పరిగెత్తొద్దు. మీ రాక వివరాలు వాళ్ల కంప్యూటర్‌లోకి చేరడానికి టైము పడుతుంది, వారం పది రోజులు ఆగి వెళ్తే ఒక్క విడతలో అయిపోతుంది. పాస్‌పోర్టు ఒరిజినల్, ఐ-94 ప్రింటు, ఆఫర్ లెటర్ పట్టుకెళ్లండి. జెరాక్సులు చెల్లవు, ఫీజు లేదు. కార్డు పోస్టులో వస్తుంది, చాలామందికి అది పోయేది ఆ పోస్టులోనే. అపార్ట్‌మెంట్ మెయిల్‌బాక్స్ లోపల మీ పేరు రాసి లేకపోతే పోస్ట్‌మన్ కవరు వెనక్కి పంపేయవచ్చు. కంపెనీ ఇచ్చిన తాత్కాలిక బస అడ్రసు రాసి, కార్డు వచ్చేలోపు ఖాళీ చేస్తే సరేసరి. నెల రోజులు కదలకుండా ఉండే అడ్రసే ఇవ్వండి. బస మారిన ప్రతిసారీ పది రోజుల్లోపు, ఇమిగ్రేషన్ శాఖకి అడ్రసు మార్పు తెలిపే ఏఆర్-11 ఫారం ఆన్‌లైన్‌లో నింపాలి, అయిదు నిమిషాల పని.

ఇల్లు. చాలా అపార్ట్‌మెంట్లు అద్దెకి మూడు రెట్ల నెల జీతం, క్రెడిట్ చరిత్ర అడుగుతాయి. చరిత్ర ఎలాగూ ఉండదు కాబట్టి ఆఫర్ లెటర్ చూపించి, డిపాజిట్ ఎక్కువ కట్టడానికి సిద్ధంగా ఉండాలి. తాళాలిచ్చిన రోజు ఒక ఇన్వెంటరీ ఫారం ఇస్తారు. దాన్ని తీరిగ్గా నింపండి: కార్పెట్ మీద మరక, బ్లైండ్స్‌లో విరిగిన పట్టీ, స్టవ్ పక్కన కాలిన గుర్తు, ప్రతిదానికీ ఫోటో. ఖాళీ చేసేటప్పుడు కొత్త అడ్రసు రాతపూర్వకంగా ఇస్తే 30 రోజుల్లో డిపాజిట్ తిరిగివ్వాలన్నది టెక్సాస్ చట్టం, ఎంత కోస్తారన్నది మాత్రం ఆ ఫారం మీదే ఆధారపడుతుంది.

కరెంటు దగ్గర టెక్సాస్ పద్ధతి వేరు. ఇర్వింగ్, ప్లేనో లాంటి చోట్ల తీగలు ఆంకార్ అనే కంపెనీవి, కరెంటు అమ్మే కంపెనీని మాత్రం మీరే ఎంచుకోవాలి. ప్రభుత్వ సైటు పవర్ టు చూజ్‌లో ప్లాన్లన్నీ ఉంటాయి. ఫ్రిస్కోలో కొన్ని వీధులు కోసర్వ్ అనే సహకార సంఘం కిందకి వస్తాయి, అక్కడ ఎంపిక ఉండదు. పైన పెద్ద అక్షరాల్లో ఉండే ధర చూసి సంతకం పెట్టకండి, ఎలక్ట్రిసిటీ ఫ్యాక్ట్స్ లేబుల్ తెరవండి. అందులో 500, 1000, 2000 యూనిట్లకి సగటు ధర విడివిడిగా ఉంటుంది. ఉదాహరణకి యూనిట్ 19 సెంట్లు, 1000 యూనిట్లు చేరితే 100 డాలర్ల తగ్గింపు అన్న ప్లాన్ ఉందనుకోండి. సరిగ్గా 1000 వాడితే బిల్లు 90 డాలర్లు, అంటే 9 సెంట్లే. 980 వాడితే తగ్గింపు పోయి 186 డాలర్లు! ఇరవై యూనిట్లు తక్కువ కాల్చినందుకు బిల్లు రెట్టింపు. ఇద్దరుండే సింగిల్ బెడ్‌రూమ్‌లో ఏసీ ఆగిన నెలల్లో 1000 చేరడం కష్టం, అందుకే 500 యూనిట్ల దగ్గర ధర ఎంతో చూసి ఎంచుకోండి. ఎస్ఎస్ఎన్ ఇంకా రాకపోతే డిపాజిట్ అడుగుతారు. మధ్యలో ప్లాన్ మానేస్తే జరిమానా ఉంటుందిగానీ, ఇల్లు మారుతున్నట్టు కొత్త అడ్రసు చూపిస్తే అది పడదు.

వంటింట్లో మొదట గుర్తుపెట్టుకోవాల్సింది 120 వోల్టులు. ల్యాప్‌టాప్, ఫోన్ ఛార్జర్ల మీద 100-240 అని రాసి ఉంటుంది, వాటికి పిన్ను మార్చే అడాప్టర్ చాలు. మన 230 వోల్టుల మిక్సీ మాత్రం ఆ అడాప్టర్‌తో నీరసంగా తిరుగుతుంది, ఇడ్లీ పిండి దగ్గర ఆగిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి నడపాలంటే 750 వాట్ల మిక్సీకి కనీసం 1500 వాట్లది కావాలి, అదో ఇనప దిమ్మ. అక్కడి కరెంటుకి సరిపడే, 110 వోల్టులవి అనే మన మిక్సీలు అక్కడి ఇండియన్ కొట్లలోనే అమ్ముతారు, అదే కొనుక్కోండి. అపార్ట్‌మెంట్లలో తరచుగా ఉండేది కరెంటుతో నడిచే కాయిల్ స్టవ్. కట్టేసినా రెండు మూడు నిమిషాలు ఎర్రటి వేడి పోదు. గ్యాస్ మీద అలవాటు కొద్దీ ఆవాలు చిటపటలాడగానే నాబ్ తిప్పి ఊరుకుంటే ఎండుమిరపకాయలు నల్లబడి, ఆ ఘాటుకి స్మోక్ అలారం కేకలేస్తుంది. నూనె కాగాక గిన్నెని పక్క బర్నర్ మీదకి దించేసి, ఉన్న వేడితో పోపు పెట్టండి. ఫ్యాన్ అయిదు నిమిషాల ముందే వేయండి. చాలా ఇళ్లలో ఆ ఫ్యాన్ పొగని బయటికి పంపదు, జల్లెడలోంచి మళ్లీ గదిలోకే వదులుతుంది, కాబట్టి కిటికీ కూడా తెరవాలి. అలారం పీకేసే ఆలోచన వద్దు, అది ప్రాణానికి సంబంధించింది. సింకు కింద మిగుళ్లని మెదిపే డిస్పోజర్‌లో అన్నం వేయకండి. మెదిగిన అన్నం వంపు గొట్టంలో ముద్ద కట్టి గట్టిపడుతుంది. మునక్కాడ పీచు బ్లేడుకి చుట్టుకుంటుంది. రెండూ చెత్తబుట్టలోకే.

కారు లేకుండా ఆ ఊళ్లో ఉండటం కష్టం. నగర రవాణా సంస్థ డార్ట్ నడిపే ఆరెంజ్ లైన్ రైలు ఎయిర్‌పోర్టు నుంచి లాస్ కోలినాస్ మీదుగా డౌన్‌టౌన్‌కి వెళ్తుంది, ఆఫీసు ఆ దారిలో ఉంటే కొన్నాళ్లు నెట్టుకురావచ్చు. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ మన ఆర్టీఏలోనే తీసుకుని వెళ్లండి. టెక్సాస్ లైసెన్సుకి అడ్రసు రుజువులు రెండు కావాలి, వాటిలో ఒకటైనా 30 రోజులుగా అక్కడే ఉంటున్నట్టు చూపాలి. అందుకే లీజు మీదా కరెంటు బిల్లు మీదా మీ పేరు మొదటి రోజు నుంచే ఉండాలి. భార్యాభర్తలిద్దరూ డ్రైవ్ చేస్తారనుకుంటే ఇద్దరి పేర్లూ వేయించండి. రాత పరీక్షలో 30 ప్రశ్నలు, 21 సరిగ్గా రాయాలి. రోడ్డు పరీక్షకి ముందు ఇంపాక్ట్ టెక్సాస్ అనే గంట వీడియో చూసి సర్టిఫికెట్ తీసుకోవాలి, అది 90 రోజులే చెల్లుతుంది. 25 ఏళ్లు నిండనివాళ్లకి ఆరు గంటల కోర్సు అదనం. మనవాళ్లు ఎక్కువగా తప్పేది స్టాప్ గుర్తు దగ్గర. వేగం తగ్గించడం ఆపడం కాదు, చక్రం పూర్తిగా నిలవాలి. ఎర్రలైటు దగ్గర కుడివైపు తిరిగేముందు కూడా అంతే. కారు ఇన్సూరెన్సులో చట్టం అడిగే కనీసం 30/60/25 (వేల డాలర్లలో: ఒక మనిషి గాయాలకి, ప్రమాదం మొత్తంలో గాయాలకి, ఆస్తి నష్టానికి), అది ఎదుటివాళ్ల నష్టానికి మాత్రమే. వసంతంలో అక్కడ పడే వడగళ్లు కారు పైకప్పుని సొట్టలు చేస్తాయి, దానికి మీ కారుకి జరిగే ఇలాంటి నష్టాన్ని భరించే కాంప్రెహెన్సివ్ ఇన్సూరెన్సు ఉండాలి.

బ్యాంకు ఖాతా పాస్‌పోర్టుతో చాలాచోట్ల తెరుస్తారు. ఎస్ఎస్ఎన్ రాగానే డిపాజిట్ కట్టి సెక్యూర్డ్ క్రెడిట్ కార్డు ఒకటి తీసుకోండి, లిమిట్‌లో 30 శాతం లోపు వాడి నెలనెలా పూర్తిగా కట్టేయండి. క్రెడిట్ స్కోరు పుట్టడానికే ఆరు నెలలు పడుతుంది. హెల్త్ ఇన్సూరెన్సు ఎంపికకి కంపెనీలు ఇచ్చే గడువు సాధారణంగా 30 రోజులు. అది దాటితే తర్వాతి ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ (ఏడాదికోసారి ప్లాను ఎంచుకునే సమయం) దాకా ఆగాలి.

పిల్లలుంటే టీకాల కార్డు ముందే చూసుకోండి. మన ప్రభుత్వ టీకాల్లో తట్టు, రుబెల్లాకి కలిపి ఎంఆర్ వేస్తారు, గవదబిళ్లల టీకా అందులో ఉండదు. టెక్సాస్ బడి గవదబిళ్లలది కూడా కలిసిన ఎంఎంఆర్ అడుగుతుంది, ఆటలమ్మ టీకా, హెపటైటిస్ ఏ కూడా అడుగుతుంది. ఇవి హైదరాబాద్‌లోనే వేయించి, తేదీలన్నీ ఇంగ్లిష్‌లో టైపు చేయించి డాక్టరు సంతకం, ముద్ర వేయించుకుంటే అడ్మిషన్ రోజు తిప్పలుండవు.

మన దేశంలో వదిలి వెళ్లేవాటిలో ముఖ్యమైనది ఫోన్ నంబరు. బ్యాంకు ఓటీపీలు, ఆధార్ అన్నీ దానికే. విమానం ఎక్కకముందే రోమింగ్ ఆన్ చేయించి, అమెరికాలో ఎస్ఎంఎస్‌లు అందేలా ప్లాన్ వేయించుకోండి. అక్కడ అమ్మే కొత్త ఐఫోన్లలో, 14 నుంచి, సిమ్ పెట్టే చోటే లేదు. అక్కడ ఫోన్ కొనే ఆలోచన ఉంటే ఇక్కడి సిమ్‌ని ముందే ఈ-సిమ్‌గా మార్పించుకోవాలి. సేవింగ్స్ ఖాతాని ఎన్ఆర్ఓగా (విదేశాల్లో ఉండే భారతీయుల ఖాతాగా) మార్చమని బ్యాంకుకి రాయండి. పన్నుల లెక్కలో అమెరికా రెసిడెంట్ అయ్యాక, ఇక్కడి ఖాతాలు, ఫిక్స్‌డ్ డిపాజిట్లు అన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల వివరాలు అమెరికా ప్రభుత్వానికి తెలిపే ఫారం) దాఖలు చేయాలి. గడువు ఏప్రిల్ 15, దానంతట అదే అక్టోబర్ 15 దాకా పెరుగుతుంది. అమ్మానాన్నలతో కలిసి ఉన్న జాయింట్ ఖాతా కూడా ఆ లెక్కలోకే వస్తుంది, కాబట్టి వెళ్లేముందు ఏ ఖాతాలో మీ పేరుందో ఇంట్లో అడిగి ఒక కాగితం మీద రాసుకోండి.