సెయింట్ క్లాడ్ వంతెన అవతల

హ్యూస్టన్ నుంచి న్యూ ఆర్లీన్స్‌కు ఐ-10 మీద దాదాపు ఆరు గంటల డ్రైవ్. లాంగ్ వీకెండ్ వస్తే ఇక్కడి తెలుగువాళ్ళు చాలామంది అటే పోతారు, దారి సంగతి చెప్పక్కర్లేదు. ఫ్రెంచ్ క్వార్టర్‌లో పార్కింగ్‌కే రోజుకు 45 డాలర్లు గుంజారు. హోటల్ అద్దె మీద ఏవేవో ఫీజులు వేశారు. రెండు రోజులు తిండికీ ఫోటోలకీ సరిపోయాయి. నేను రాయాలనుకున్నది మూడో రోజు 1.25 డాలర్ల టికెట్‌తో ఎక్కిన సిటీ బస్సు గురించి.

ఎక్కడానికి కారణం ముందురోజు రాత్రి భోజనాల దగ్గర మా స్నేహితుడు అన్న మాట. "సముద్రమట్టం కంటే కిందున్న ఊరు. కత్రినాకి మునిగాక మళ్ళీ కట్టడం దండగ. అందరినీ వేరేచోటికి పంపిస్తే పోయేది" అన్నాడు. 2005లో తుఫాను వెలిసిన కొద్దిరోజులకే ప్రతినిధుల సభ స్పీకర్ డెనిస్ హాస్టర్ట్ ఇలాంటి మాటే అని తిట్లు తిన్నాడు. నాకైతే ముద్ద దిగలేదు. మాది నాగాయలంక దగ్గర. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత బెజవాడ చుట్టాలు మా నాయనమ్మనూ ఇదే అడిగారట, "ఇంకా అక్కడేం ఉందని?" అని. "నా పొలం ఉంది, మీ మావయ్యని కలిపిన మట్టి ఉంది" అందట ఆవిడ.

బస్సు సెయింట్ క్లాడ్ అవెన్యూ మీద బాగానే పోతూ ఇండస్ట్రియల్ కెనాల్ దగ్గర ఆగిపోయింది. పడవలొస్తే పైకి లేచే వంతెన అది. ఒక టగ్‌బోటు బార్జీలను తోసుకుంటూ వస్తోంది. పావుగంట, ఇరవై నిమిషాలు... బస్సులో ఎవరూ విసుక్కోలేదు. పక్కసీట్లో డెబ్బై దాటిన నల్లజాతి పెద్దావిడ, కాళ్ళ దగ్గర రెండు సంచులు. ఒకదాంట్లోంచి లేత బెండకాయలు కనబడుతున్నాయి. వాటినే చూస్తున్నానని గమనించి, "గంబోలోకి బేబీ. ఇవాళ మాత్రం ఎర్ర బీన్సూ అన్నమూ. సోమవారం కదా" అంది. గంబో అంటే ఇక్కడి చిక్కటి పులుసు. సోమవారం బీన్సూ అన్నమూ తినడం ఇక్కడి ఆనవాయితీ. ఈ ఊళ్ళో పెద్దవాళ్ళు ఎవరినైనా బేబీ అనే పిలుస్తారు, మనవైపు ముసలివాళ్ళు నాయనా అన్నట్టు. వంతెన అవతల పెద్ద సూపర్‌మార్కెట్ లేదట. కూరగాయలకు ఇంత దూరం రావాలి, వచ్చిన ప్రతిసారీ ఈ వంతెన దగ్గర కాచుకోవాలి.

నేను హ్యూస్టన్ అనగానే ఆవిడ ముఖం మారింది. కత్రినా తర్వాత నాలుగేళ్ళు అక్కడే ఉందట. "మీ ఊరు మంచిదే. బాగా చూశారు. కానీ ఆదివారం చర్చికి పోతే నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు" అంది. 1965లో బెట్సీ తుఫానుకు చిన్నపిల్లగా ఇంటికప్పు మీద కూర్చున్న మనిషి, 2005లో మళ్ళీ ఇల్లు పోగొట్టుకుంది. "మరి భయం వేయదా?" అన్నాను. కెనాల్ గోడ వైపు చెయ్యి చూపించింది. "మమ్మల్ని ముంచింది గాలివాన కాదు బేబీ, అది."

నిజమే. ఆగస్టు 29 పొద్దున ఈ కెనాల్ కట్టకు గండ్లు పడి, నీళ్ళు ఇళ్ళను పునాదుల మీంచి లేపి ఈడ్చుకుపోయాయి. ఒక బార్జీ కూడా గండిలోంచి వచ్చి ఇళ్ళ మీద పడింది. 17వ వీధి కాలువకూ, లండన్ అవెన్యూ కాలువకూ గండ్లే. ఊరు 80 శాతం మునిగింది. డిజైన్‌లో లోపాలున్నాయని 2006లో, ఆ కట్టలు కట్టించిన ఆర్మీ ఇంజనీర్లే ఒప్పుకున్నారు. కరకట్టకు గండి అంటే ఏమిటో దివిసీమవాళ్ళకి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

వంతెన దిగాక క్లెయిబోర్న్ అవెన్యూ దాటి లోపలికి నడిచాను. లోయర్ నైన్త్ వార్డ్, ఎక్కువగా నల్లవాళ్ళుండే పేట. ఇరవై ఏళ్ళు దాటినా వీధుల్లో ఇంటికీ ఇంటికీ మధ్య నడుంలోతు గడ్డి. ఆ గడ్డిలో అక్కడక్కడా మెట్లు. మూడే మెట్లు, సిమెంటువి. మొదటి మెట్టు అంచు అరిగి నున్నగా ఉంది. పక్కన ఇనుప రెయిలింగ్ తుప్పు పట్టి ఒరిగింది. మెట్లెక్కితే పైన ఏమీ లేదు. కాసేపు అక్కడే నిలబడిపోయాను.

ఎవరు తిరిగొచ్చి కట్టుకోగలిగారన్నది నేల ఎత్తుపల్లాలతో తేలలేదు. సరస్సు పక్కనున్న, ఎక్కువగా తెల్లవాళ్ళుండే లేక్‌వ్యూ పేట ఇక్కడికంటే పల్లం. అదీ నిండా మునిగింది, కానీ ఇవాళ చక్కగా ఉంది. ప్రభుత్వం 'రోడ్ హోమ్' పేరుతో ఇచ్చిన సాయాన్ని తుఫానుకు ముందు ఇంటి ధర, మళ్ళీ కట్టే ఖర్చు, ఈ రెంటిలో ఏది తక్కువైతే దానిమీద లెక్కకట్టింది. నల్లవాళ్ళ పేటల్లో ఇళ్ళ ధరలు తక్కువ. చెక్కా మేకూ ధర మాత్రం రెండుచోట్లా ఒకటే. కేసు నడిచి 2011లో రాజీ కుదిరేసరికి చాలామంది ఎక్కడివాళ్ళు అక్కడే స్థిరపడిపోయారు. అంతకుముందు, 2006 జనవరిలో, మునిగిన పేటల మీద ఆకుపచ్చ చుక్కలు పెట్టిన మ్యాప్ పేపర్లో వచ్చింది. మా ఇల్లు పార్కు అవుతుందట అని జనం పొద్దున్నే పేపర్ చూసి తెలుసుకున్నారు. తిరగబడ్డారు, ఆ ప్లాన్ పోయింది. "ఎవరి ఇల్లు వాళ్ళు కట్టుకోండి" అన్నారు. ఆ మాటకి చేతిలో డబ్బు లేనివాడికి అర్థమేముంది? 2000లో 4.85 లక్షలున్న జనాభా 2020లో 3.84 లక్షలు.

వీధుల చివర ఉత్తరాన చిన్న చెక్క వేదిక ఉంది, ఎక్కితే బయూ బియెన్‌వెన్యూ అనే చిత్తడి కనబడుతుంది. ఒకప్పుడు సైప్రస్ అడవి. ఓడల కోసం తవ్విన కాలువతో ఉప్పునీళ్ళు ఎక్కి చచ్చిపోయింది, నీళ్ళలో మోళ్ళు మిగిలాయి. అక్కడ నిలబడ్డప్పుడు స్నేహితుడి మాటలోనూ బలం లేకపోలేదనిపించింది. చిత్తడిని పంపులతో తోడేసి ఊరు కట్టారు, తోడేకొద్దీ నేల కుంగింది. 1450 కోట్ల డాలర్లతో కొత్త కట్టలు కట్టారు, 2021లో ఐడా తుఫానుకు అవి నిలిచాయి. ఎన్నాళ్ళు నిలుస్తాయో! కానీ కదలమని చెప్పేవాళ్ళు ముందు వాళ్ళందరినీ కలిపి ఒకేచోట, ఇంతే మంచి ఇంట్లో పెట్టే లెక్క చూపించాలి. అది చూపించకుండా "ఎందుకక్కడ?" అని పేదవాణ్ణే అడగడం నాకు అన్యాయంగా తోస్తుంది.

తిరిగొచ్చేటప్పుడు ఎండ మండిపోతోంది. ఇంకో ఖాళీ స్థలంలో మెట్లు కనబడితే కూర్చున్నాను. ఎదురుగా ఒకాయన గడ్డి కోస్తున్నాడు, తన వాకిట్లో కాదు, పక్క స్థలంలో. మెషిన్ ఆపి నా దగ్గరికొచ్చాడు. "అది మా పక్కింటావిడ గుమ్మం" అన్నాడు మెల్లగా. "ఇప్పుడు అట్లాంటాలో ఉంటుంది. గడ్డి నేనే కోస్తాను."

లేచి నిలబడి సారీ చెప్పాను. ఫర్వాలేదని తలూపి, నీళ్ళ సీసా ఇచ్చి పంపాడు. బస్టాప్‌కి ఖాళీ స్థలాలకు అడ్డంపడి పోతే రెండు నిమిషాలు. నేను రోడ్డు చుట్టూ తిరిగే వెళ్ళాను.