నా యాంజియోగ్రామ్ అనుభవం: రిపోర్టులోని శాతం దేన్ని చెబుతుంది, దేన్ని చెప్పదు

మెట్లెక్కితే ఛాతీ మీద బరువు పెట్టినట్టుండటం, ఆగితే రెండు మూడు నిమిషాల్లో పోవడం. ఈ లక్షణానికి తరచుగా మొదట రాసేది ట్రెడ్‌మిల్ పరీక్ష. 3 నిమిషాలకోసారి వేగమూ వాలూ పెరుగుతాయి. 220లోంచి వయసు తీసేస్తే వచ్చే అంకెలో 85 శాతం దాకా గుండె వేగం చేరాలి. మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్ (గుండె వేగం తగ్గించే మందు) వేసుకునేవాళ్లలో ఆ వేగం అందక పరీక్ష ఎటూ తేలకుండా పోవచ్చు. దాన్ని ఆపాలో వద్దో డాక్టరే చెప్పాలి, సొంతంగా ఆపడం ప్రమాదం. నా ఈసీజీ గీతలో ఎస్‌టీ అనే భాగం 1 మిల్లీమీటరు కంటే కిందికి దిగడంతో పాజిటివ్ అన్నారు. పాజిటివ్ అంటే బ్లాక్ ఉన్నట్టే అని కాదు. ముఖ్యంగా ఆడవాళ్లలో బ్లాక్ లేకపోయినా పాజిటివ్ రావడం మామూలే.

బ్లాక్ ఉందో లేదో చూసే యాంజియోగ్రామ్‌కి (గుండె నాళాల్లోకి డై ఎక్కించి ఎక్స్‌రే తీసే పరీక్షకి) ముందు అన్నిటికన్నా ముఖ్యం కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష, ఎందుకంటే లోపలికి ఎక్కించే డై బయటికి పోవాల్సింది కిడ్నీల గుండానే. కిడ్నీ పనితీరు బాగా తగ్గినవాళ్లకి షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ 48 గంటలు ఆపమంటారు. ఆస్పిరిన్ సాధారణంగా ఆపరు. రక్తం గడ్డకట్టకుండా చూసే వార్ఫరిన్ లాంటివి వాడుతుంటే ముందే చెప్పి తీరాలి. ఇదివరకు స్కాన్‌లో డై ఎక్కించినప్పుడు దద్దుర్లో ఆయాసమో వచ్చి ఉంటే అదీ చెప్పాలి, ముందుగానే మందులిస్తారు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు పరగడుపున ఉండే ఆ 4 నుంచి 6 గంటలకి డోసు ఎంతో అడిగి రాయించుకోవడం మంచిది, షుగర్ పడిపోయేది అప్పుడే.

యాంజియోగ్రామ్ చేసే గది, క్యాథ్ ల్యాబ్‌లో చల్లగా ఉంటుంది. మణికట్టు దగ్గర మత్తు సూది వేసి, ధమనిలోకి ఒక పొట్టి గొట్టం దించుతారు. అందులోంచి గుండె దాకా వెళ్లే పొడవాటి గొట్టం, క్యాథెటర్, మందం 2 మిల్లీమీటర్ల లోపే. ఆ ధమని సన్నది, చలికీ భయానికీ బిగుసుకుంటుంది. అందుకే దాన్ని సడలించే నైట్రోగ్లిజరిన్ గానీ వెరాపమిల్ గానీ ఎక్కిస్తారు, రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు. అప్పటికీ చెయ్యి లాగేస్తున్నట్టుంటే వెంటనే చెప్పాలి, పళ్లబిగువున ఓర్చుకుంటే ధమని ఇంకా బిగుస్తుంది. గుండె దగ్గర క్యాథెటర్ తిరుగుతున్న సంగతి మాత్రం తెలియదు. గుండెలో ఎడమవైపు కింది గది అయిన ఎడమ జఠరికలోకి ఒక్కసారిగా డై వదిలినప్పుడు ఒళ్లంతా వేడి పాకి, మూత్రం వచ్చేసినట్టు అనిపిస్తుంది. రాదు.

అయ్యాక మణికట్టుకి గాలి నింపిన పట్టీ కట్టి, రెండు మూడు గంటల్లో కొంచెం కొంచెంగా గాలి తీస్తారు. రక్తం ఊరితే మళ్లీ గాలి పెడతారు. ముంజేయి గట్టిపడి ఉబ్బుతున్నా, వేళ్లు తిమ్మిరెక్కి నీలంగా మారుతున్నా నర్సుని పిలవాల్సిందే. ఇంటికెళ్లాక రక్తం కారితే ఆ చోట బొటనవేలితో గట్టిగా నొక్కి పట్టుకుని సాయం కోసం పిలవాలి.

నా రిపోర్టులో గుండె ముందువైపు దిగే ఎల్ఏడీ అనే నాళం మధ్యలో దారి 60 శాతం, కుడివైపు నాళంలో 30 శాతం ఇరుకైందని ఉంది. 70 శాతం దాటితే బ్లాక్ గట్టిదని లెక్క, ఎడమవైపు మొదట వచ్చే ఎడమ ప్రధాన నాళంలోనైతే 50కే. నాలాగా మధ్యస్థంగా ఉన్న శాతాలు కంటితో తేలవు. ఒకే వీడియో చూసి ఒక డాక్టర్ 60 అంటే ఇంకొకరు 75 అనొచ్చు. అందుకే పీడనం కొలిచే సన్నటి వైరు బ్లాక్ దాటించి ఎఫ్‌ఎఫ్‌ఆర్ (బ్లాక్‌కి ముందున్న పీడనంలో దాటాక ఎంత మిగిలిందనే నిష్పత్తి) చూస్తారు. అది 0.80 లేదా తక్కువైతే రక్తం చాలడం లేదని అర్థం. నాకు 0.84 వచ్చింది, స్టెంట్ (నాళాన్ని తెరిచి ఉంచే జాలీ గొట్టం) వెయ్యలేదు. మరి నొప్పి ఎందుకు అంటే, యాంజియోగ్రామ్‌లో కనబడని సన్న నాళాల వల్ల కావచ్చు. దానికీ మందులున్నాయి.

చాలామంది ఆ శాతాన్నే గుండెపోటు అవకాశం అనుకుంటారు. యాంజియోగ్రామ్‌లో కనబడేది రక్తం పారే దారి నీడ మాత్రమే, గోడలో పేరుకున్న కొవ్వు కనబడదు. కొవ్వు మొదట గోడని బయటికి ఉబ్బిస్తుంది, దారి చాలాకాలం వరకూ మామూలుగానే ఉంటుంది. పైపొర పల్చగా ఉన్న కొవ్వు గడ్డ చిట్లితే దాని మీద రక్తం గడ్డకట్టి, నిన్నటిదాకా 40 శాతమే ఉన్న చోట దారి నిమిషాల్లో మూసుకుపోగలదు. గుండెపోటు వస్తున్నప్పుడు వేసే స్టెంట్ ప్రాణం నిలబెడుతుంది. నిలకడగా ఉన్న బ్లాక్‌కి వేసేది ప్రధానంగా నొప్పి తగ్గిస్తుంది. 2020లో ఫలితాలు ప్రచురితమైన ఇస్కీమియా అధ్యయనంలో, అలాంటి రోగుల్లో మందులకు తోడు ముందే స్టెంటో బైపాసో చేసినా మరణాలు తగ్గలేదు. ఎడమ ప్రధాన నాళంలో బ్లాక్ ఉన్నవాళ్లని అందులో చేర్చలేదు, కాబట్టి అది వాళ్లకి వర్తించదు.

స్టెంట్ లేదని మందులు తేలిగ్గా తీసుకోకూడదనేది ఇందుకే. చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ 70 లోపుకి, యూరప్ మార్గదర్శకాల ప్రకారమైతే 55 లోపుకి రావాలి. దాన్ని తగ్గించే స్టాటిన్ మందు డోసు రెట్టింపు చేస్తే అదనంగా తగ్గేది సుమారు 6 శాతమే, ఎజెటిమైబ్ అనే ఇంకో మందు కలిపితే ఇంకో 20 శాతం దాకా తగ్గుతుంది. అందుకే అంకె అందకపోతే డోసు పెంచడం కన్నా రెండో మందు కలపడం గురించి అడగడం మేలు. మందు మొదలెట్టిన 4 నుంచి 12 వారాల్లో మళ్లీ పరీక్ష చేయించాలి. ఎల్‌డీఎల్ లాంటిదే అయిన మరో కొవ్వు కణాన్ని కొలిచే లైపోప్రోటీన్ ఏ అనే పరీక్ష జీవితంలో ఒక్కసారైనా చాలు. అది డెసిలీటరుకి 50 మిల్లీగ్రాములు దాటితే చాలావరకు వంశపారంపర్యమే, తోబుట్టువులూ పిల్లలూ చేయించుకోవాలి.

ఛాతీనొప్పి వచ్చినప్పుడు నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్ర కూర్చుని వేసుకోవాలి, నిలబడి వేసుకుంటే బీపీ పడి తూలిపోతారు. అంగస్తంభన కోసం వాడే మందుల్లో సిల్డెనాఫిల్ (వయాగ్రా) వాడిన 24 గంటల్లోపు, టడలాఫిల్ అయితే 48 గంటల్లోపు దాన్ని ముట్టుకోకూడదు. 5 నిమిషాల్లో నొప్పి తగ్గకపోతే అంబులెన్స్ పిలవాలి, సొంతంగా బండి నడుపుకుంటూ వెళ్లకూడదు.