తోపుడు బండికి చోటెక్కడ? నగరాలు తప్పుతున్న లెక్కలు

స్థానిక ఆర్థికాభివృద్ధి అనగానే మన నగరాల కాగితాల మీద షాపింగ్ కాంప్లెక్సులు, కన్వెన్షన్ హాళ్లు, ఐటీ టవర్లు వచ్చి కూర్చుంటాయి. పొద్దున ఆరింటికి ఇడ్లీ బండి, పదకొండింటికి పళ్ల బండి, చీకటి పడే వేళకు మిరపకాయ బజ్జీల బండి... ఒకే మూల మీద మూడు కుటుంబాలు బతికే వ్యాపారం మాత్రం ఆక్రమణల తొలగింపు ఫైల్లోకి పోతుంది. దీన్ని సరిచెయ్యడానికి కొత్త చట్టం అక్కర్లేదు. వీధి వ్యాపారుల చట్టం 2014 మే 1 నుంచి అమల్లో ఉంది. అయిదేళ్లకోసారి సర్వే చెయ్యాలి, అయిదేళ్లకోసారి వీధి వ్యాపార ప్రణాళిక తయారు చెయ్యాలి అని అందులోనే ఉంది. ఏ నగరమైనా అతి తక్కువ ఖర్చుతో ఉపాధి నిలబెట్టగలిగే పని ఇదేనని నా గట్టి నమ్మకం. కానీ అది సర్వే రోజునే చెడిపోతోంది.

ముందు ఎంతమందికి చోటివ్వాలో చూద్దాం. వార్డు, జోన్, పట్టణం, నగరం ఏదైనా సరే, జనాభాలో 2.5 శాతం దాకా వ్యాపారులకు చోటు చూపించాలంటుంది చట్టం. 20 వేల జనాభా ఉన్న వార్డులో 500 మంది, 10 లక్షల నగరంలో 25 వేల మంది. వ్యాపారానికి కేటాయించిన ఒక జోన్‌లో పట్టేవాళ్ల కంటే ఎక్కువమంది తేలితే లాటరీ తియ్యాలి. మిగిలినవాళ్లకు పక్క జోన్‌లో చోటు చూపాలి తప్ప ఇంటికి పొమ్మనకూడదు.

ఇక సర్వే. పదకొండు గంటలకు ఒక టీమ్ రోడ్డు మీదికి వచ్చి, కనిపించినవాళ్ల ఆధార్ నంబరు రాసుకుని వెళ్లిపోతే సగం బజారు లెక్కలోకి రాదు. టిఫిన్ బండ్లు అప్పటికే కడిగి సర్దేసి ఉంటాయి. పునుగులు, నూడుల్స్ బండ్లు ఇంకా రానే రావు. కాబట్టి ఒక్కో వీధికి కనీసం మూడుసార్లు వెళ్లాలి: పొద్దున ఏడు లోపు, మధ్యాహ్నం, రాత్రి ఎనిమిదికి. సంత జరిగే చోటికి సంత రోజున మళ్లీ వెళ్లాలి. సంక్రాంతి వారంలో సర్వే పెట్టుకుంటే సొంతూళ్లకు పోయినవాళ్లందరూ జాబితాలో లేకుండా పోతారు. బండితో సహా మనిషి ఫొటో, నిలబడే చోటు జీపీఎస్, ఏ వేళ నుంచి ఏ వేళ దాకా, ఏ సరుకు, ఇంట్లో ఇంకెవరు బండి మీద కూర్చుంటారు... ఇవన్నీ ఆ చోటే నమోదు కావాలి. గంప నెత్తిన పెట్టుకుని తిరిగే ఆకుకూరల ఆవిడకు నిలబడే చోటుండదు, తిరిగే దారి ఉంటుంది. ఆ దారినే రాసుకోవాలి. స్థిరంగా ఉండేవాళ్లు, తిరిగేవాళ్లు అని చట్టంలోనే రెండు వర్గాలున్నాయి.

జాబితా ఖరారు చేసేముందు వార్డు ఆఫీసు గోడ మీద అంటించి అభ్యంతరాలు తీసుకుంటే సగం గొడవలు అక్కడే తేలిపోతాయి. దుకాణం యజమాని తన బామ్మర్ది పేరు బండి మీద రాయించుకున్నాడా లేదా అన్నది పక్క బండివాడికి తెలిసినంతగా ఏ అధికారికీ తెలియదు. సర్వేలో తేలినవాళ్లకు ఇచ్చే వెండింగ్ సర్టిఫికెట్‌ను, అంటే వీధి వ్యాపార అనుమతి పత్రాన్ని, అద్దెకివ్వడం, అమ్ముకోవడం కుదరదు. బతకడానికి వేరే ఆధారం లేదని, తానో తన కుటుంబ సభ్యులో మాత్రమే నడుపుతామని హామీ రాసివ్వాలి. వ్యాపారి చనిపోతే భార్యకో భర్తకో, ఆధారపడిన బిడ్డకో ఆ సర్టిఫికెట్ గడువు తీరేదాకా హక్కు వస్తుంది.

సర్వే ముగిసి అందరికీ సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవర్నీ కదిలించడానికి వీల్లేదు. చాలామంది వ్యాపారులకు ఈ ఒక్క ముక్క తెలియకే నష్టం జరుగుతోంది. రుణం కోసం మున్సిపాలిటీ ఇచ్చిన సిఫార్సు లేఖను చూపించి ఇదే లైసెన్సు అనుకునేవాళ్లున్నారు. ఆ లేఖ బ్యాంకుకు పనికొస్తుంది. చోటు మీద హక్కు ఇచ్చేది వెండింగ్ సర్టిఫికెట్ ఒక్కటే.

తర్వాతి తప్పు చోటు దగ్గర. జనం కూరగాయలకో పూలకో పనిగట్టుకుని వెళ్లేది తక్కువ. బస్సు దిగి ఇంటికి పోతూ కొంటారు. ఆస్పత్రి గేటు, గుడి మెట్లు, కాలేజీ మలుపు, బస్టాప్ – బజారు తనంతట తాను పుట్టింది అందుకే. దాన్ని తీసుకెళ్లి ఫ్లైఓవర్ వెనక సందులో రేకుల షెడ్డు వేసి రిబ్బన్ కత్తిరిస్తే, కొన్నాళ్లకు షెడ్డు ఖాళీ అవుతుంది, బండ్లు పాత రోడ్డెక్కుతాయి. అప్పుడు వాళ్లను మొండివాళ్లంటాం. అమ్మకం పడిపోయిన చోట ఎవరు మాత్రం నిలబడతారు? తరలించక తప్పకపోతే వ్యాపారులను కూర్చోబెట్టి నిర్ణయించాలని, వాళ్ల ఆదాయం కనీసం పాత స్థాయికైనా చేరాలని చట్టం రెండో షెడ్యూల్ చెబుతోంది. 50 ఏళ్లు దాటిన సహజ మార్కెట్‌ను వారసత్వ మార్కెట్‌గా ప్రకటించాలి, కదిలించకూడదు. రద్దీ ఎక్కువైందన్న సాకుతో ఒక వీధిని వ్యాపార నిషిద్ధ ప్రాంతంగా ప్రకటించడమూ చెల్లదు. విజయవాడ బీసెంట్ రోడ్డు మీదో, హైదరాబాద్ సుల్తాన్ బజార్‌లోనో నడవలేకపోతున్నాం అనేవాళ్లు ఈ నిబంధన ఒకసారి చదవాలి.

నడిచేవాళ్ల హక్కు చిన్నదని కాదు. రెండింటినీ టేపు పట్టి కొలిచి సర్దొచ్చు. మామూలు తోపుడు బండిని ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు అనుకుందాం. వెనక మనిషికి రెండడుగులు, ముందు కొనేవాళ్లకు మూడడుగులు కలిపితే లోతు తొమ్మిదడుగులు. బండికీ బండికీ మధ్య మూడడుగులు వదిలి, ప్రతి పది బండ్లకు పదడుగుల దారి ఇస్తే 100 మీటర్ల వీధిలో ఒక వైపు 30కి పైగా బండ్లు పడతాయి. నడిచే దారి వాణిజ్య వీధుల్లో కనీసం 2.5 మీటర్లు, నివాస వీధుల్లో 1.8 మీటర్లు అడ్డం లేకుండా ఉండాలని, రోడ్ల ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెబుతోంది. ఆ కొలత మిగలని చోట బండ్లను ఒక వైపుకే పరిమితం చెయ్యాలి, లేదా వేళలు పంచాలి. ఇండోర్ సరాఫా బజార్‌లో పగలు నగల దుకాణాలు, అవి మూశాక వాటి ముందే తిండి బండ్లు. ఒకే చోటు రెండుసార్లు పనిచేస్తోంది.

గీతలు గీస్తే సరిపోదు. తాగునీటి కుళాయి, మురుగుకాలువ కనెక్షన్, తిండి బండ్ల వరసకు నూనె జిడ్డు ఆపే తొట్టి, తడి చెత్త డబ్బా, నడిచివెళ్లే దూరంలో మరుగుదొడ్డి కావాలి. ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేని జోన్ ఎంత అందంగా కట్టినా పనికిరాదు. పొద్దుటి నుంచి రాత్రి దాకా నీళ్లు తాగకుండా కూర్చునే పూలమ్మేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

డబ్బు సంగతికొస్తే, రోజువారీ ఫైనాన్స్ లెక్క ఇలా ఉంటుంది. పది వేల అప్పని చెప్పి తొమ్మిది వేలు చేతికిస్తారు, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తారు. వెయ్యి రూపాయలే కదా అనిపిస్తుంది. కానీ అసలు రోజూ తగ్గిపోతుంటుంది కాబట్టి సగటున చేతిలో ఉండేది నాలుగున్నర వేలే. అంటే ఏడాదికి దాదాపు 80 శాతం వడ్డీ. వీధి వ్యాపారుల కోసం కేంద్రం 2020 జూన్‌లో మొదలుపెట్టిన పీఎం స్వనిధి రుణం ఈ ఉచ్చు నుంచి బయటపడే దారి. మొదటి విడత అప్పట్లో 10 వేలు. 2025 ఆగస్టు మార్పులతో మూడు విడతలు 15 వేలు, 25 వేలు, 50 వేలు అయ్యాయి. వాయిదాలు సకాలంలో కడితే 7 శాతం వడ్డీ రాయితీ వస్తుంది. అయితే బండిని ఒక్కసారి లారీలో ఎత్తుకుపోతే ఆ నెల వాయిదా తప్పుతుంది, తర్వాతి విడతకు దారి మూసుకుపోతుంది. ఒక విభాగం అప్పు ఇప్పిస్తుంటే ఇంకో విభాగం ఆ అప్పు తీర్చే దారి తీసేస్తోంది. ఆశీలు (బజారు రుసుము) వసూలు కాంట్రాక్టుకిచ్చే చోట రసీదు లేకుండా ఎక్కువ గుంజడం మరో రంధ్రం. ఫీజును నెలవారీగా ఫోన్‌లోనే కట్టించుకుంటే ఆ కట్టుబడి చరిత్ర వ్యాపారికి బ్యాంకు దగ్గరా అక్కరకొస్తుంది.

ఇవన్నీ తేలాల్సిన చోటు టౌన్ వెండింగ్ కమిటీ, అంటే చట్టం ప్రకారం వీధి వ్యాపార వ్యవహారాలు చూసే కమిటీ. మున్సిపల్ కమిషనర్ అధ్యక్షుడు. సభ్యుల్లో కనీసం 40 శాతం వ్యాపారులు ఎన్నుకున్న వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు మహిళలు. ఎన్నిక పెట్టకుండా నామినేట్ చేసిన కమిటీ తొలగింపులకు ముద్ర వెయ్యడానికే పనికొస్తుంది. కమిటీలో ఉన్నవాళ్లు సమావేశం మినిట్స్ తెలుగులో ఇమ్మని పట్టుబట్టాలి. ట్రాఫిక్ పోలీసులనూ టౌన్ ప్లానింగ్‌వాళ్లనూ ఒకే మ్యాప్ ముందు కూర్చోబెట్టి సంతకం చేయించాలి. మ్యాప్ మీద ప్రతి బండికీ నంబరుండాలి.

సర్టిఫికెట్ ఉన్నవాళ్లు మరొకటి గుర్తుపెట్టుకోవాలి. ఖాళీ చేయించాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఆ గడువు దాటాకా కదలకపోతే జరిమానా రోజుకు 250 రూపాయల దాకా. సరుకు పట్టుకెళ్తే అక్కడికక్కడే జాబితా రాసివ్వాలి. పాడయ్యే సరుకును అడిగిన రోజే, మిగతాది రెండు పనిదినాల్లో తిరిగివ్వాలి. జాబితా ఇవ్వకపోతే బండి నంబరు, వేళ, తీసుకెళ్లిన వాహనం నంబరు ఫోన్‌లో ఫొటో తీసి, అదే రోజు ఫిర్యాదు రాసి రసీదు తీసుకోండి.