డబ్బాడు నాణేలు, ఒక దొంగ డాలరు

ఒహాయోలో మా పక్క వీధిలో ఒక ఇంటి సామానంతా అమ్మేస్తూ జరిగిన ఎస్టేట్ సేల్‌లో కాఫీ డబ్బా నిండా పాత నాణేలు కొన్నాను. ఏది ఏమిటో తేల్చుకునేసరికి చలికాలం గడిచిపోయింది. సామాను పెద్దగా అక్కర్లేదు. ఒక భూతద్దం, గ్రాములో నూరో వంతు దాకా చూపే చిన్న తూకం మెషీన్, అయస్కాంతం, ధరల పుస్తకం చాలు.

ముప్పావు వంతు పెన్నీలే, అంటే ఒక సెంటు నాణేలే. లింకన్ బొమ్మ అన్నిటికీ ఉంటుంది కాబట్టి బొరుసు తిప్పి చూడాలి. 1909 నుంచి 1958 దాకా రెండు గోధుమ కంకులు, 1959 నుంచి 2008 దాకా లింకన్ మెమోరియల్ భవనం. కంకులు కనబడగానే ఎగిరి గంతేయబుద్ధవుతుంది గానీ, 1940ల్లో, 50ల్లో వాటిని కోట్ల కొద్దీ ముద్రించారు. అరిగినవాటికి కొన్ని సెంట్ల కంటే రావు. 1943వి మాత్రం బూడిద రంగులో ఉంటాయి. యుద్ధానికి రాగి కావాల్సి వచ్చి ఆ ఏడాది ఉక్కు మీద జింకు పూతతో చేశారు. పొరపాటున రాగితో పడిన కొన్నిటికి లక్ష డాలర్ల పైన ధర పలకడంతో, ఉక్కువాటికి రాగి పూత వేసి అంటగట్టేవాళ్లు తయారయ్యారు. అయస్కాంతం పెడితే గుట్టు బయటపడుతుంది.

అసలు తలనొప్పి టంకశాల గుర్తుతో, అంటే నాణెం ఏ ఊళ్లో తయారైందో చెప్పే అక్షరంతో. డి అంటే డెన్వర్, ఎస్ శాన్ ఫ్రాన్సిస్కో, ఓ న్యూ ఆర్లియన్స్, సీసీ నెవాడాలోని కార్సన్ సిటీ. పాత నాణెం మీద ఏ అక్షరమూ లేకపోతే దాదాపుగా ఫిలడెల్ఫియాదే. ఆ అక్షరం ఒక్కోదాని మీద ఒక్కో చోట నక్కి ఉంటుంది. పెన్నీకి సంవత్సరం కింద, అయిదు సెంట్ల బఫెలో నికెల్‌కి బొరుసు వైపు ‘ఫైవ్ సెంట్స్’ కింద, 1964 దాకా వచ్చిన వాషింగ్టన్ క్వార్టర్లకి (పాతిక సెంట్లవి) గద్ద కింద. ఒకే ఏడాది నాణేలకు ధరల్లో అంత తేడా రావడానికి కారణం చాలాసార్లు ఈ అక్షరమే. 1916 మెర్క్యురీ డైమే (పది సెంట్ల నాణెం) చూడండి. డెన్వర్‌లో 2,64,000 మాత్రమే చేశారు కాబట్టి, బాగా అరిగిపోయినా దానికి వందల డాలర్లు పెడతారు. నా డబ్బాలో అది లేదు లెండి.

వెండివి ఏరడం అన్నిటికంటే సులువు, సరదా కూడా. 1964 దాకా డైములు, క్వార్టర్లు 90 శాతం వెండి. ఆ తర్వాతివాటికి మధ్యలో రాగి. క్వార్టర్లన్నీ దొంతరగా పేర్చి పక్కనుంచి చూశాను. అన్నిటి అంచుకీ గోధుమరంగు గీత, మధ్యమధ్య ఒకటో రెండో తెల్లగా. అనుమానం ఉంటే తూకమే తేలుస్తుంది: వెండిది 6.25 గ్రాములు, మామూలుది 5.67.

అప్పుడు మా అమ్మ ఇక్కడే ఉంది. నల్లబడ్డ పెన్నీలు చూసి, “కాస్త చింతపండు పెట్టి తోమితే తళతళలాడతాయిరా, ఇటివ్వు” అంది. వద్దు మొర్రో అని ఆపాను. తోమితే మెరుస్తాయి గానీ పైపొర పోతుంది, భూతద్దం కింద గీతలు కనిపిస్తాయి, కొనేవాడు ధర సగానికి సగం కోసేస్తాడు. “మురికికి కూడా రేటా!” అని ఆవిడ నవ్వుకుంది.

డబ్బా అడుగున ఒక మోర్గాన్ డాలరు, అంటే పాతకాలపు వెండి డాలరు, దొరికింది. 1887, బొరుసు మీద దండ కింద సీసీ. కార్సన్ సిటీవి ఖరీదెక్కువ అని తెలుసు కాబట్టి గుండె వేగం పెరిగింది. పుస్తకం తీస్తే 1887లో ఫిలడెల్ఫియా, న్యూ ఆర్లియన్స్, శాన్ ఫ్రాన్సిస్కో ఉన్నాయి, కార్సన్ సిటీ లేదు. 1886 నుంచి 1888 దాకా అక్కడ డాలర్లు ముద్రించనేలేదు! అయస్కాంతానికి అంటలేదు గానీ, 26.73 గ్రాములు తూగాల్సింది మూడు గ్రాములు తక్కువ తూగింది. భూతద్దంలో బొమ్మ వైపున్న లిబర్టీ దేవత జుట్టు పాయలు మైనంలా కరిగిపోయినట్టున్నాయి. నకళ్ల మీద కాపీ అని ముద్ర ఉండాలని అమెరికాలో 1973 నుంచి చట్టం ఉంది. దీని మీద అదీ లేదు.

వెండివన్నీ మూటగట్టి నాణేల దుకాణానికి తీసుకెళితే, దుకాణదారు నాణేల మీది సంవత్సరాలు చదవను కూడా చదవలేదు, తూకం వేసి ఆ రోజు వెండి రేటు మీద కొంత తగ్గించి ఇచ్చాడు. బేరమాడితే ఇంకాస్త కలిపాడు. దొంగ డాలరు చూపిస్తే వేలితో ఒకసారి అంచు తడిమి నవ్వుతూ వెనక్కిచ్చేశాడు.