రెండోసారి పాడిన సీసపద్యం

శనివారం, అర్ధరాత్రి దాటింది. నాయన పక్క గదిలో నిద్రపోయారు. నా చెవుల్లో మాత్రం హార్మోనియం శ్రుతి ఇంకా మోగుతూనే ఉంది; నిద్ర రాదని తెలిసి, చూసింది చూసినట్లు రాసుకుందామని కూర్చున్నాను.

పగలంతా ఎప్పటి శనివారమే. ఉదయం ఉగ్గాని, బజ్జీ, తరువాత ఆఫీసు, సాయంత్రం ఐదింటికి ఇల్లు. లలిత కళాపరిషత్తులో హరిశ్చంద్ర నాటకం ఉందని నాయన నాలుగు రోజులుగా గుర్తుచేస్తూనే ఉన్నందువల్ల ఆరింటికల్లా స్కూటరు మీద బయలుదేరాం. ఆ పద్యాలు నాకు కొత్తవి కావు. మా అవ్వ బతికి ఉన్నప్పుడు మధ్యాహ్నం పూట టేపురికార్డరులో పెట్టుకొని, బియ్యంలో రాళ్లు ఏరుతూ వినేది. అయితే పద్యనాటకాన్ని నటుల ఎదుట కూర్చొని చూడటం నా ముప్పై నాలుగేళ్లలో ఇదే మొదటిసారి.

మూడో వరుసలో చోటు దొరికింది. అక్కడి నుంచి హార్మోనిస్టు స్పష్టంగా కనబడుతున్నాడు. నాంది ప్రార్థన ముగిసినప్పటి నుంచి ఆయన తన హార్మోనియం మెట్ల వైపు ఒక్కసారైనా చూసుకోలేదు; చూపంతా నటుడి మీదే ఉంది. నటుడు ఊపిరి తీసుకునే తీరును బట్టి రాగం ఎంతసేపు సాగుతుందో ముందే పసిగట్టి, గొంతు ఆగిన చోట తాను అందుకొని, మళ్లీ గొంతు లేచేసరికి తగ్గిపోతున్నాడు. అవ్వ టేపుల్లో హార్మోనియం పాటకు వెనుక వినిపించే మోతగానే నాకు తెలుసు. అది ఇద్దరి మధ్య సాగే సంభాషణ అని ఈ రోజే తెలిసింది.

వారణాసి సీను వేగంగా జరిగిపోయింది. నాకు, ఆ హాలులో ఉన్న చాలామందికి, ఎదురుచూపంతా కాటిసీను కోసమే. నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిది. కాటిసీనులో నటులు పాడే పద్యాలలో ఎక్కువ పేరు పొందినవి మాత్రం జాషువా గారి శ్మశానవాటి పద్యాలు. ఒక కవి నాటకంలోకి మరొక కవి పద్యాలు వచ్చి, ఇంటివాళ్లలాగా కలిసిపోవడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది. నల్ల కంబళి కప్పుకొని, కర్ర పట్టుకొని కాటికాపరి వచ్చి నిలబడ్డాడు. సీసపద్యం ఎత్తుకున్నాడు. మొదటి పాదంలో కవి కలం నిప్పులలో కరిగిపోయింది. రెండో పాదంలో రాజుల అధికార ముద్రికలు అంతరించాయి. మూడో పాదంలో లేత ఇల్లాలి నల్లపూసలు గంగలో కలిసేసరికి నా పక్కన కూర్చున్న పెద్దామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాలుగో పాదంలో చిత్రకారుడి కుంచె కూడా పోయిన తరువాత, సీసం చివర వచ్చే ఎత్తుగీతిలో ఆ శ్మశానాన్ని శివుడు పిశాచాలతో గజ్జె కదిలించి ఆడే రంగస్థలం అంటాడు కవి. ఆ మాట దగ్గర నటుడు కాలితో చెక్కను ఒక్కసారి తట్టాడు. ఆ చప్పుడు మా కుర్చీల దాకా వచ్చింది. నా ఒళ్లు జలదరించింది.

ఈలలు, చప్పట్లు, వెంటనే వన్స్ మోర్! నేను ఆ కేకను ఇంతకాలం తప్పుగానే భావించాను. దుఃఖంలో ఉన్న పాత్రను ఆపి మళ్లీ పాడమనడం ఏమి న్యాయమని అనుకునేదాన్ని. మన తాడిపత్రిలో 1880లో పుట్టిన బళ్లారి రాఘవ గారు రాగాల సాగదీత కన్నా భావానికే పెద్దపీట వేసిన నటుడు. నాటకంలో పాటకు, పద్యానికి చోటు పెంచిన తొలితరం నాటకకర్త ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు ఆయనకు స్వయానా మేనమామ. మేనమామ, మేనల్లుళ్లలో నేను ఎప్పుడూ మేనల్లుడి పక్షమే. అయినా ఈ రోజు ఆ కేకలో నా గొంతు కూడా కలిసింది.

నటుడు తల వంచి, కొంతసేపు ఆగి, అదే పద్యం మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి ఆలాపన లేదు. మంద్రంలో, మాటకు మాట విడిగా, ఎదుట ఆరుతున్న చితికి చెబుతున్నట్లు చదువుకుంటూ పోయాడు. హార్మోనిస్టు మెట్లన్నీ వదిలేసి ఒక్క ఆధార షడ్జం, అంటే శ్రుతి ‘స’ మీదే వేలు ఉంచాడు. ఇలా చేద్దామని వాళ్లు ముందు అనుకున్నట్లు లేదు, ఎందుకంటే తబలా వాయించే కుర్రవాడు మొదటి పాదంలో చేయి ఎత్తి, తడబడి, దించేశాడు. నల్లపూసల పాదం దగ్గర హాలులో ఫ్యాన్ల చప్పుడు తప్ప మరేమీ వినబడలేదు. రంగస్థలం అన్న మాట వచ్చినప్పుడు ఈసారి ఆయన కాలు తట్టలేదు. మేమంతా ఆ చప్పుడు కోసం ఎదురుచూశాం. అది రాకపోవడమే పెద్దగా వినిపించింది. పద్యం ముగిశాక చప్పట్లు కొట్టాలని కొంతసేపు ఎవరికీ తోచలేదు.

ఇంటికి వచ్చేటప్పుడు సప్తగిరి సర్కిల్ దాటేదాకా ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. ఆ తరువాత వెనుక నుంచి నాయనే అడిగారు.

"రెండోతూరి విన్యావా పాపా? రాగమే తీయలేదు."

"విన్యా నాయనా. చేతులు వణికినాయి నాకు."

"మీ అవ్వ ఉండింటే వాణ్ని మూడోతూరి అడిగుండేది."

ఇంటి గేటు తీస్తూ, చీకట్లోనే, ఆయన ఎత్తుగీతి ఒక్కటీ చిన్నగా చదివారు. రంగస్థలం అన్న మాట దగ్గర ఆగి, చెప్పుకాలితో మెట్టును ఒకసారి తట్టారు.