శుక్రవారం కాగితంలో మా అమ్మ

ఐర్లండ్‌లో మా పాప చదివే క్యాథలిక్ ప్రైమరీ స్కూలు ప్రతి శుక్రవారం తల్లిదండ్రుల ఫోన్లకి ఒక వార్తల కాగితం పంపుతుంది. కేకుల అమ్మకం ఎప్పుడు, ఏ క్లాసు పిల్లల తలల్లో పేలు కనిపించాయి, సెకండ్ క్లాసు వాళ్ల ఫస్ట్ కమ్యూనియన్, అంటే చర్చిలో పిల్లలు మొదటిసారి ప్రసాదం తీసుకునే వేడుక, ఏ శనివారం, ఇలాంటివే ఉంటాయి. అక్టోబరులో ఒక శుక్రవారం ఆ కాగితం అడుగున, ఈ వారం మనం ప్రార్థించవలసిన వారి పేర్ల దగ్గర, "థర్డ్ క్లాసులో మన స్నేహితురాలి అమ్మమ్మ, విజయనగరం, ఇండియా" అని ఉంది.

డ్యూటీ దిగి బస్సులో అది చదివాను. ముందు వచ్చింది కోపమే. అమ్మ పోయిన సంగతి స్కూల్లో నేనెవరికీ చెప్పలేదు. పాప చెప్పుకుంది. మా ఇంటి చావు కబురు ముఖం తెలియని వాళ్లందరి ఫోన్లలోకీ వెళ్లిపోయిందేమిటి అనిపించింది. సోమవారం గేటు దగ్గర, ఎప్పుడూ వాన గురించి తప్ప మాట్లాడని తల్లులు ఒక్కొక్కరే వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. ఒకావిడ ఇంట్లో ఏదో వండి, గిన్నె మీద రేకు కప్పి తెచ్చింది. బంగాళాదుంపలు, పైన చీజ్. మాంసం వెయ్యలేదని రెండుసార్లు చెప్పింది. గిన్నె అడుగున టేపు అంటించి దాని మీద ఆవిడ పేరు రాసి ఉంది, తిరిగి ఇచ్చేటప్పుడు ఎవరిదో తెలియాలి కదా. మా వీధిలో గిన్నెల మీద పేరు కొట్టించుకునేది కూడా అందుకే.

ఆ వారంలోనే టీచర్ రమ్మంది. చదువు గురించి ఒక్క ముక్క ఎత్తలేదు. బ్రేక్‌లో పాప గోడవారన ఒక్కతే నిలబడుతోందట. లంచ్ బాక్స్ తెరవడం లేదట. "ఇంట్లో అమ్మమ్మ గురించి పాపతో ఎవరు మాట్లాడుతున్నారు?" అని అడిగింది. మెత్తగానే అడిగింది. నాకు మాత్రం గట్టిగా గుచ్చుకుంది. తర్వాత ఒక ఫారం చేతిలో పెట్టింది. రెయిన్‌బోస్ అని, అయినవాళ్లు పోయిన పిల్లల్నీ, తల్లిదండ్రులు విడిపోయిన పిల్లల్నీ చిన్న గుంపుగా కూర్చోబెట్టి మాట్లాడించే పద్ధతి. అమెరికాలో 1983లో మొదలైంది, ఐర్లండ్‌లో చాలా స్కూళ్లలో నడుస్తోంది. శిక్షణ తీసుకున్నవాళ్లు నడుపుతారు. పిల్లలు అక్కడ చెప్పుకున్నది అక్కడే ఉంటుంది. తల్లి సంతకం కావాలి. కొత్త దుఃఖంలో కాకుండా కొన్నాళ్లు ఆగాక చేర్చుకుంటామని, జనవరిలో మొదలవుతుందని చెప్పింది.

ఏడవడానికి సంతకం ఏమిటి అనుకున్నాను. చాలా రోజులు ఆ ఫారం ఫ్రిజ్ మీదే ఉండిపోయింది.

మా వైపు చావు ఇంట్లో ఎవరినీ ప్రత్యేకంగా కూర్చోబెట్టి మాట్లాడించక్కర్లేదు. పెద్దకర్మ అయ్యేదాకా ఇల్లు ఖాళీ ఉండదు. పొయ్యి వెలిగించొద్దని పక్కింటి వాళ్లు అన్నం పంపుతారు. అరుగు మీద కూర్చున్న ముసలమ్మలు పోయిన మనిషి గురించి చెప్పిందే చెబుతారు: చింతకాయ పచ్చడి ఎలా పట్టేదో, పైడితల్లమ్మ సిరిమాను జాతర రోజున మూడు లాంతర్ల కూడలి దగ్గర చోటు కోసం పొద్దున్నుంచీ ఎలా నిలబడేదో. పిల్లలు ఆ ఒళ్లోంచి ఈ ఒళ్లోకి మారుతూ అన్నీ వింటారు. ఎవరూ పిల్లని "ఎలా ఉన్నావు" అని అడగరు. అడగాల్సిన పని ఉండదు. టీచర్ ముందు ఇదంతా చెప్పి మావాళ్లని వెనకేసుకురావాలనిపించింది. నా ఇంగ్లీషు అంత దూరం పోలేదు.

అమ్మ సిరిమాను వారంలోనే పోయింది. విశాఖ దాకా ఎన్ని విమానాలు మారినా దహనానికి అందేలా లేను. ఫోన్లోనే చూశాం. పెళ్లయిన ఆడపిల్లని, నాకు మూడు రోజుల మైలే. పాపకి అదీ లేదు. కానీ ఆ అమ్మమ్మ దగ్గరే అది పెరిగింది. నాలాగా జనరల్ వర్క్ పర్మిట్ మీద వచ్చినవాళ్లు ఏడాది పని చేస్తేగానీ ఇంట్లో వాళ్లని తెచ్చుకోవడానికి దరఖాస్తు పెట్టుకోలేరు. ఆ ఏడాదీ, కాగితాలు వచ్చేదాకా ఆ పైన నెలలూ, పాప విజయనగరంలో అమ్మమ్మ కొంగు పిడికిట్లో పట్టుకుని నిద్రపోయింది. నేనిక్కడ నర్సింగ్ హోమ్‌లో, అంటే ముసలివాళ్లని ఉంచి చూసుకునే చోట, వేరే వాళ్ల అమ్మలకి ఒళ్లు తుడిచి, పక్కకి ఒత్తిగిల్లబెట్టి, వీపుకి క్రీము రాసేదాన్ని. మూడో రోజు స్నానం చేసి నైట్ డ్యూటీకి వెళ్లిపోయాను. మా ఇద్దరు మొగుడూపెళ్లాల షిఫ్టుల మధ్య ఆ పిల్లకి ఏ అరుగూ లేదు, ఏ ఒళ్లూ లేదు. టీచర్ అడిగింది అదే.

కాగితంలో వేసినందుకు వచ్చిన కోపం నర్సింగ్ హోమ్‌లోనే పోయింది. నేను చూసుకునే ఒక పెద్దావిడ చెప్పింది: ఇక్కడ పల్లె చావులు లోకల్ రేడియోలో చదువుతారు. ఆ పేర్లు వినడానికే ఆవిడ పొద్దున్నే రేడియో పెట్టమంటుంది. పోయిన మనిషి ఇంటి ముందు ఊరంతా వరస కట్టి ఇంటివాళ్ల చెయ్యి పట్టుకుని వెళుతుంది. నెల తిరిగాక మంత్స్ మైండ్ అని మళ్లీ పూజ చేయిస్తారు. మా నెలమాసికం లాంటిదే అని చెబితే, అన్నం ఎవరికి పెడతారు, ఏం వండుతారు అని చాలాసేపు అడిగింది. నవంబరు వీళ్లకి చనిపోయిన వాళ్ల నెల. పేర్లు రాసి కవర్లో పెట్టి చర్చిలో ఇస్తారు. మనకి ఆ రోజుల్లోనే కార్తీకం. అమ్మ మాసికమూ అప్పుడే పడింది. చావు కబురు దాచుకోవడం వీళ్లకి తెలియదు. అందుకే స్కూలు అడగకుండానే వేసేసింది.

ఈ మాట ఊళ్లో చెబితే మా పిన్ని మొదటి ప్రశ్న, "మతంలో కలిపేస్తారేమో చూసుకో." ఆవిడ భయం నాకు అర్థమవుతుంది. ఇక్కడ ప్రైమరీ స్కూళ్లలో దాదాపు తొంభై శాతం క్యాథలిక్ చర్చి ఆధ్వర్యంలోవే. అయినా మతపాఠం వద్దంటే పిల్లని కూర్చోబెట్టకూడదని వీళ్ల రాజ్యాంగంలోనే ఉంది. బాప్తిస్మం లేదని సీటు కాదనడం కూడా 2018 చట్టంతో దాదాపు పోయింది. పోయినేడు క్లాసంతా కమ్యూనియన్‌కి తయారవుతుంటే మా పాప వెనక బల్ల దగ్గర బొమ్మలు వేసుకుంది. అయినా నేనూ సిస్టర్ల స్కూల్లో చదివినదాన్నే. ఫ్రాన్సిస్ డి సేల్స్ అనే క్యాథలిక్ మిషనరీ సంఘం ఫాదర్లు విశాఖలో దిగింది 1846లో. ఆ తర్వాత సిస్టర్లు వచ్చారు. మా ప్రాంతంలో ఆడపిల్లల చదువు వాళ్ల ఋణం చాలా ఉంచుకుంది. మాకు సిస్టర్ అంటే లైను, మౌనం, ప్రోగ్రెస్ కార్డు. ఇక్కడ మా పాప స్కూల్లో ఒక్క సిస్టర్ కూడా లేదు, హెడ్ మాస్టరు మామూలు గృహస్థు. పిల్లల మనసు గురించి మాత్రం టైమ్ టేబుల్లో వారానికి అరగంట ఉంది.

మా వదిన గజపతినగరం దగ్గర గవర్నమెంటు స్కూల్లో టీచరు. ఈ ఫారం సంగతి చెబితే చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అంది: "నీ కూతురు ఒక్కర్తి కదమ్మా. నా క్లాసులో సగం మంది అమ్మమ్మల దగ్గర పిల్లలే. అమ్మానాన్న చెన్నైలోనో హైదరాబాదులోనో సెంట్రింగ్ పనికి పోయి సంక్రాంతికి వస్తారు. హాజరు, భోజనం లెక్క యాప్‌లో ఎక్కించేసరికే నాకు పూట గడిచిపోతాది. మొన్న ఒక గుంటడి మామ్మ పోయింది. వాడు పదకొండో రోజు దాటాక వచ్చి మామూలుగా కూర్చున్నాడు. నేనూ మామూలుగా పాఠం చెప్పీసేను."

నేను అంతసేపూ గొప్పగా చెప్పుకున్న అరుగు మా వైపు ఇప్పుడు చాలా ఊళ్లలో లేదు. పని వయసు వాళ్లందరూ వలస పోయాక అరుగు మీద మిగిలింది ముసలమ్మలే. ఆ ముసలమ్మే పోతే పిల్లాడిని ఒళ్లో కూర్చోబెట్టుకునేదెవరు? తల్లి దినాలకి వచ్చి, మేస్త్రీ ఫోన్ చేస్తే మళ్లీ రైలెక్కాలి. నాకు విమానం, ఆవిడకి రైలు. అంతకు మించి తేడా నాకు కనపడలేదు.

సంతకం పెట్టాను. జనవరి నుంచి పాప వెళుతుంది. వదిన ఆ ఫారం ఫోటో తీసి పంపమంది, తెలుగులో రాసిమ్మంది. వాళ్ల హెడ్ మాస్టరు ఒప్పుకుంటే తన క్లాసు వరకు శనివారం మధ్యాహ్నం కూర్చోబెడుతుందట. రాస్తున్నాను. పోయినవాళ్లు ఎవరు, పిల్లకి ఏమవుతారు, ఎప్పుడు పోయారు, అంతవరకు బాగానే వచ్చింది. తల్లి సంతకం గడి తీసేశాను, తల్లి చెన్నైలో ఉంటుంది. దాని బదులు ఇక్కడి ఫారంలో లేని ప్రశ్న ఒకటి చేర్చాను, వదిన పిల్లాడి పక్కన కూర్చుని నోటితో అడగాల్సింది: ఇప్పుడు రాత్రి ఎవరి దగ్గర పడుకుంటున్నావు?